కొండల్లో పాట విన్న చరిత్ర

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం వారు అడిగారు. బడి గంట గురించి, హాస్టల్ గంజి గురించి, బొర్రా గుహల దాకా నడిచి వెళ్లిన ఎక్స్‌కర్షన్ గురించి నాకంటే బాగా రాయగలవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను వృత్తిరీత్యా ఎలక్ట్రికల్ ఇంజనీరుని, అలవాటు కొద్దీ పాటలు వినేవాణ్ణి. ముప్పై ఏళ్లుగా విశాఖపట్నంలో మా ఇంట్లో ఒక్కొక్క పెట్టె మార్చుకుంటూ ఒక ఆడియో సిస్టమ్ కట్టుకున్నాను. మన బ్యాచ్ వాళ్లు ఎవరొచ్చినా దాన్ని చూసి రెండు ప్రశ్నలు అడుగుతారు. మొదటిది, “ఎంతయింది గురూ?” రెండోది, “మన బడిలో వినే రేడియోకీ దీనికీ నిజంగా అంత తేడా ఉందా?” మొదటి దానికి మా ఆవిడ ఎదుట జవాబు చెప్పను. రెండో దానికి జవాబు చెప్పాలంటే మన అనంతగిరి కొండల దాకా పాట ఏ దారిన వచ్చిందో మొదటి నుంచీ చెప్పాలి.

కరెంటు అక్కర్లేని యంత్రం

1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ చేశాడు. పదేళ్ల తర్వాత బెర్లినర్ గుండ్రని ప్లేటు మీద శబ్దాన్ని గీసే గ్రామఫోన్ తెచ్చాడు. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే రికార్డింగ్ నిపుణుడు కలకత్తా వచ్చి మన దేశపు గాయకుల పాటలు పట్టుకెళ్లాడు. మొదట్లో ఆ పాటల ప్లేట్లు జర్మనీలో అచ్చయి ఓడల మీద తిరిగి వచ్చేవి. 1908లో కలకత్తాలోనే ప్లేట్లు అచ్చువేసే కర్మాగారం పెట్టారు. అక్కణ్ణుంచి కుక్కబొమ్మ ప్లేటు తెలుగు జమీందార్ల లోగిళ్లకీ, తర్వాత మోతుబరుల పంచలకీ చేరింది.

ఆ ప్లేటుకీ అడవికీ ఒక సంబంధం ఉంది. 78 చుట్ల ప్లేటు ప్లాస్టిక్ కాదు. రాతిపొడిలో లక్క కలిపి వేడిగా అచ్చొత్తినది. ప్రపంచానికి లక్క అందించిన దేశాల్లో మనది ముందు వరస. అందులో ఎక్కువ భాగం ఛోటా నాగపూర్ అడవుల్లో ఆదివాసులు చెట్ల కొమ్మల మీంచి గీకి తెచ్చినదే. లండన్‌లో ఒక దొర ఇంట్లో మోగిన ఒపేరా ప్లేటులోనూ, విజయనగరంలో ఒక వకీలు ఇంట్లో మోగిన జావళి ప్లేటులోనూ అడవి బిడ్డల చెమట ఉంది. ఆ ప్లేట్ల మీద వాళ్ల పాట మాత్రం దాదాపు లేదు. ఈ మాట గుర్తుంచుకోండి. చివర్లో మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

గ్రామఫోన్‌కి కరెంటు అక్కర్లేదు. కీ తిప్పితే స్ప్రింగు బిగుసుకుని ప్లేటు తిరుగుతుంది. ముల్లు కదలికే ఒక పలచని రేకును కదిలిస్తుంది. ఆ రేకు చప్పుడును గొట్టం పెద్దది చేస్తుంది. పది అంగుళాల ప్లేటు ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు పాడుతుంది. అంతలోనే రాగం, పల్లవి, చరణం ముగించాలి. గంట సేపు ఒకే రాగాన్ని విస్తరించగల విద్వాంసులు మూడు నిమిషాలకు తమను తాము కుదించుకున్నారు. మనకు దగ్గరి ఉదాహరణ విజయనగరం. 1919లో అక్కడ మహారాజా వారి సంగీత కళాశాల మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ఆయన తర్వాత 1936లో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ కుర్చీలో కూర్చున్నారు. ద్వారం వారి ఫిడేలు ప్లేట్లు ఈనాటికీ సేకరించేవాళ్ల దగ్గర ఉన్నాయి. ముల్లు గీతల చప్పుడు వెనక నుంచి ఆ కమాను వినబడుతుంటే, మూడు నిమిషాల్లోనూ ఎక్కడా హడావిడి కనబడదు.

927 కిలోహెర్ట్జ్

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948లో, విశాఖపట్నం కేంద్రం 1963లో మొదలయ్యాయి. మన కొండలకు పాట నిజంగా చేరింది ఈ రెండో దానితోనే. అనంతగిరి విశాఖకు గాలి వాటున సుమారు 65 కిలోమీటర్లు. మధ్యలో కొండలే కొండలు. అయినా విశాఖ కేంద్రం స్పష్టంగా వినబడేది. దానికి కారణం తరంగం పొడవు. 927 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 324 మీటర్లు. అంత పొడుగు అల నేలను అంటిపెట్టుకుని ఎత్తుపల్లాలు దాటుకుంటూ సాగుతుంది. ఇప్పటి ఎఫ్.ఎం. తరంగం పొడవు మూడు మీటర్లే. దానికి కొండ అడ్డొస్తే వెనకంతా నీడ పడుతుంది. అందుకే ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే కారులో ఎఫ్.ఎం. ఒక్కో మలుపులో మాయమవుతుంది.

కేంద్రం ఉంటే చాలదు, వినే పెట్టె కావాలి. వాల్వు రేడియోకి కరెంటు కావాలి. నేను చదువుకునే రోజుల్లో కూడా చాలా గూడేలకు కరెంటు లేదు. 1947లో బెల్ ప్రయోగశాలలో పుట్టిన ట్రాన్సిస్టర్ ఈ చిక్కు విప్పింది. చిన్న బ్యాటరీలతో నడిచే రేడియోలు 1954 నుంచి అమెరికాలోనూ, 1960ల్లో మన దేశంలోనూ జనం చేతికొచ్చాయి. మైదానంలో ముందు కరెంటు వచ్చింది, తర్వాత రేడియో వచ్చింది. మన కొండల్లో రేడియో ముందొచ్చింది, కరెంటు తీరిగ్గా వచ్చింది. నీరసించిన సెల్లులను ఎండలో పెట్టి ఇంకో రెండు రోజులు లాగించిన అనుభవం మన వయసు వాళ్లందరిదీ. ఆ రోజుల్లో రేడియోకి లైసెన్సు కూడా ఉండేది. పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి పుస్తకంలో స్టాంపు వేయించుకోవాలి. 1980ల్లో దాన్ని ఎత్తేశారు.

మన బడి రేడియో హెడ్మాస్టారి గదిలో బీరువా మీద ఉండేది. ప్రాంతీయ వార్తలు అయ్యాక మాస్టారు దాన్ని కిటికీ దగ్గరికి జరిపితే మనం వరండాలో కూర్చుని సినిమా పాటలు వినేవాళ్లం. షార్ట్‌వేవ్‌లో రేడియో సిలోన్ పెట్టేవారు. మీనాక్షి పొన్నుదురై గారి గొంతు సముద్రపు అల లాగా దగ్గరికొచ్చి దూరం జరిగేది. ఆ ఊగులాటకు కారణం పైన వాతావరణంలోని అయనోస్ఫియర్. షార్ట్‌వేవ్ దాని మీద పడి తిరిగి నేలకు దిగుతుంది. ఆ పొర నిలకడగా ఉండదు కనుక గొంతూ నిలకడగా ఉండదు.

ఇక తేడా గురించి. మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. మీడియం వేవ్ రేడియో 5,000 దాటి దాదాపు ఏమీ ఇవ్వదు. అరచేతి వెడల్పు స్పీకరు 150కి కింద ఏమీ ఇవ్వదు. ‘స’, ‘శ’ అక్షరాల్లో ఉండే గాలి చప్పుడు ఎక్కువగా ఆ 5,000 చుట్టుపక్కల, దానికి పైనే ఉంటుంది. అందుకే కొత్త పాట రేడియోలో విన్నప్పుడు మాట తప్పు వినబడి, దాన్నే పాడుకుని, తర్వాత పాటల పుస్తకం చూసి నవ్వుకునేవాళ్లం. తబలాలో ఎడమ చేతి మోతను చాలాసార్లు మన బుర్రే పూరించేది. సుశీల గారు విజయనగరం వారు, ఘంటసాల గారు విజయనగరంలో చదువుకున్నవారు. పక్క ఊళ్ల గొంతులను ఏళ్ల తరబడి మనం సగమే విన్నాం. అయినా ఆ సగంతోనే కడుపు నిండింది.

ఇనపరాయి వెళ్లింది, టేపు రికార్డరు వచ్చింది

మన ఊరి మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం 1960ల చివర్లో తయారైంది. బైలదిల్లా ఇనప ఖనిజాన్ని విశాఖ రేవు ద్వారా జపానుకు పంపడానికే దాన్ని వేశారు. శిమిలిగుడ స్టేషను సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉందని బోర్డు చదివి మనమంతా గర్వపడినవాళ్లమే. 1980ల మొదట్లో ఆ లైనుకు కరెంటు వచ్చింది. అప్పటి నుంచి గూడ్సు బండి ఎక్కుతుంటే రేడియోలో బరబర మొదలయ్యేది. ఇంజను నెత్తి మీది పాంటోగ్రాఫ్ తీగకు తగులుతూ విడిపోతూ ఉంటే చిన్న చిన్న నిప్పురవ్వలు పుడతాయి. ప్రతి రవ్వా ఒక బుల్లి రేడియో కేంద్రమే. అది అన్ని తరంగాల మీదా ఒకేసారి అరుస్తుంది. ఇంజనీరింగు చదివాక గానీ నాకు ఆ సంగతి బోధపడలేదు.

ఖనిజం జపాను పోయింది. జపాను నుంచి నేషనల్ పానసోనిక్, సోనీ టేపు రికార్డర్లు గల్ఫ్‌కి కూలికి వెళ్లినవాళ్ల పెట్టెల్లో మన జిల్లాలకు వచ్చాయి. మన కొండ దిగిన ఇనుమే ఆ పెట్టెలో ఉందని నేను చెప్పలేను. లేదని ఎవరూ చెప్పలేరు.

ఫిలిప్స్ వాళ్లు 1963లో తెచ్చిన క్యాసెట్ చరిత్రలో పెద్ద మలుపు. టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్ల లోపు, నడక సెకనుకు 4.76 సెంటీమీటర్లు. నాణ్యతలో ఎల్.పి. ప్లేటు కంటే తక్కువే. కానీ ప్లేటు వినడానికి మాత్రమే పనికొస్తుంది, క్యాసెట్ మీద ఎవరైనా రికార్డు చేయవచ్చు. హరిశ్చంద్ర కాటి సీను, హరికథ, పెళ్లి మేళం, మనవడి మొదటి మాటలు అన్నీ క్యాసెట్ ఎక్కాయి. మన కొండల తేమకు మాత్రం టేపు తట్టుకోదు. నాలుగు వానాకాలాలు గడిస్తే తెల్లటి బూజు పడుతుంది. హెడ్డుకు అంటుకుని గొంతు బొంగురుపోతుంది. మన ప్రాంతంలో ఎవరైనా 1980ల్లో రికార్డు చేసుకున్న టేపులుంటే ఇప్పటికి చాలా భాగం ఆ దశలోనే ఉంటాయి.

సొంతంగా కట్టుకున్నది

ఇంజనీరింగు రోజుల్లో స్నేహితులందరం ఆంప్లిఫయర్లు కట్టాం. టీబీఏ810 చిప్పుతో మొదలుపెట్టి, 2ఎన్3055 పవర్ ట్రాన్సిస్టర్ల దాకా వెళ్లేవాళ్లం. హైదరాబాద్ వెళితే కోఠి గుజరాతీ గల్లీలో, మద్రాసు వెళితే రిచీ స్ట్రీట్‌లో సంచీ నిండా విడిభాగాలు కొనుక్కొచ్చేవాళ్లం. విదేశీ హైఫై మీద దిగుమతి ఆంక్షలు గట్టిగా ఉన్న కాలం అది. దేశంలో తయారైన వాటిలో కలకత్తా సోనోడైన్, బొంబాయి కాస్మిక్ పేర్లు మా నోళ్లలో దేవుళ్ల పేర్లలా ఉండేవి. 1991 తర్వాత తలుపులు తెరుచుకున్నాయి. నేను మొదటి జీతాల్లో కొన్నది సీడీ ప్లేయరు. 1982లో ప్రపంచానికి వచ్చిన సీడీ మన మధ్యతరగతి ఇంటికి రావడానికి పదేళ్లు దాటింది.

ఆ తర్వాత వరసగా మార్పులు. ప్లైవుడ్ పెట్టెల స్థానంలో నిలువెత్తు స్పీకర్లు వచ్చాయి. చేతితో కట్టిన ఆంప్లిఫయరు పోయి కొన్నది వచ్చింది. సీడీ తర్వాత కంప్యూటరు, దాని పక్కన డిజిటల్ సంకేతాన్ని శబ్దంగా మార్చే డాక్ వచ్చాయి. చివరికి మళ్లీ ప్లేట్లు తిప్పే టర్న్‌టేబుల్ కూడా వచ్చింది. ఈ దారిలో మీలో ఎవరైనా దిగాలనుకుంటే మూడు లెక్కలు చెబుతాను.

మొదటిది వాట్లు. 50 వాట్ల ఆంప్లిఫయరు తీసేసి 100 వాట్లది పెడితే శబ్దం రెట్టింపు కాదు. 3 డెసిబెల్లు పెరుగుతుంది. చెవికి అది కొంచెం పెంచినట్టు ఉంటుందంతే. రెండింతలు అనిపించాలంటే సుమారు పదింతల వాట్లు కావాలి. ఇంట్లో మామూలుగా వినేటప్పుడు సగటున ఖర్చయ్యేది ఒకటి రెండు వాట్లే. మిగతావి మృదంగం మీద పడే గట్టి దెబ్బల కోసం నిలవ ఉంచే సొమ్ము.

రెండోది తీగలు. స్పీకరు తీగలకు వేలు, లక్షలు పెట్టేవాళ్లున్నారు. ఇంటి వైరింగుకి వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మీటరుకు 7.4 మిల్లీ ఓములు. స్పీకరు మూడు మీటర్ల దూరంలో ఉంటే, రానూ పోనూ కలిపి 0.045 ఓములు మించదు. స్పీకరు 8 ఓములు. అంటే తీగ తినేది వందలో ఒక వంతు కూడా కాదు. ఈ లెక్క చూసి నేను తీగలకు వైరింగు ఖర్చే పెట్టాను.

మూడోది గది. దీనికి వేరే చోటు ఇవ్వాలి.

బొర్రా గుహ, స్లాబు ఇల్లు, పెంకుటిల్లు

బొర్రా గుహలో ‘ఓ’ అని అరిచి అది మళ్లీ మళ్లీ వినబడితే మురిసిపోయాం కదా. రాయి శబ్దాన్ని తాగదు, తిరగ్గొడుతుంది. మన పట్నపు ఇళ్లు కూడా చిన్న సైజు గుహలే. కింద మార్బుల్, పైన స్లాబు, నాలుగు వైపులా సిమెంటు పూత. 1895 ప్రాంతంలో హార్వర్డ్‌లో వాలెస్ సబైన్ అనే భౌతికశాస్త్ర అధ్యాపకుడికి మాట వినబడని ఒక ఉపన్యాస గదిని బాగు చేసే పని అప్పగించారు. ఆయన రాత్రిళ్లు పక్క థియేటరు నుంచి సీట్ల దిండ్లు మోయించి, గదిలో పరిచి, శబ్దం ఆరిపోవడానికి ఎంత సేపు పడుతోందో గడియారంతో కొలిచాడు. ఆ కొలతల్లోంచి పుట్టిన సూత్రమే ఈనాటికీ వాడుతున్నాం.

5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న గది తీసుకోండి. గోడలు, నేల, స్లాబు కలిపి 94 చదరపు మీటర్లు. అవి సగటున నూటికి 6 వంతుల శబ్దమే తాగితే, ఆగిన పాట 60 డెసిబెల్లు తగ్గడానికి 1.7 సెకన్లు పడుతుంది. ఈలోగా గాయకుడు మరో నాలుగు అక్షరాలు పాడేసి ఉంటాడు. అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. తివాచీ, బరువైన పరదాలు, నిండు పుస్తకాల బీరువా, గుడ్డ సోఫా పెట్టి ఆ 6ని 20 చేస్తే, సమయం అర సెకనుకు దిగుతుంది. మా ఇంట్లో అన్ని మార్పుల్లోకీ ఎక్కువ తేడా చూపించింది మా ఆవిడ కుట్టించిన పరదాలే. ఈ మాట నేను ఆమె ఎదుట కూడా చెబుతాను.

ఇప్పుడు మన పాత ఇళ్లు తలుచుకోండి. మట్టి గోడ, పేడతో అలికిన నేల, పైన పెంకు లేదా గడ్డి. గడ్డి శబ్దాన్ని తాగుతుంది, పెంకుల సందుల్లోంచి కొంత బయటికి పోతుంది. వినడానికి మంచి గదులు అవి. మంచి గది ఉన్న కాలంలో మంచి పెట్టె లేదు, పెట్టె కొనుక్కునే నాటికి గది స్లాబు అయిపోయింది.

మంచి సిస్టమ్ ఏం చేస్తుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ. ఘంటసాల గారు చివరి రోజుల్లో పాడిన భగవద్గీత. ఆయన 1974లో కన్నుమూశారు. ఆ గీత తెలుగునాట ఎక్కువగా వినబడేది చావు ఇంటి ముందు మైకు సెట్టు గొట్టంలోంచి. ఆ గొట్టంలో కింది స్వరమూ ఉండదు, పై స్వరమూ ఉండదు. మా ఇంట్లో దాన్ని పెట్టిన రోజున మా అమ్మ లోపలి నుంచి వచ్చి, “శుభమా అని పండగ పూట ఇదేంట్రా, ఆపు” అంది. ఆపలేదు, శబ్దం తగ్గించాను. ఆమె గుమ్మంలోనే నిలబడి కాసేపు విని, “ఈయన ఇంత మెత్తగా పాడాడా?” అని కుర్చీ లాక్కుని కూర్చుంది. శ్లోకానికీ తాత్పర్యానికీ మధ్య ఆయన ఊపిరి తీసుకోవడం వినబడుతుంది. పెట్టిన డబ్బుకి నాకు దక్కింది ఆ ఊపిరి.

ఇంకా వినబడని పాట

ఇప్పుడు మొదటి మాట దగ్గరికి వస్తాను. ఎంత ఖరీదైన సిస్టమ్ అయినా, రికార్డింగులో లేనిదాన్ని పుట్టించలేదు. నా అలమారాలో ద్వారం వారు ఉన్నారు, సుబ్బులక్ష్మి గారు ఉన్నారు, జర్మనీ సింఫొనీలు ఉన్నాయి. నేను పుట్టి పెరిగిన కొండ పాట మాత్రం, మైకు పగిలిపోయినట్టు మోగే ఫోను వీడియోల్లో తప్ప లేదు. ఎక్కడ వెతికినా, ధింసా అంటే పర్యాటకుల ముందు పది నిమిషాల ఆట. తుడుము, డప్పు, మోరి, కిరిడి కలిసి మోగుతుంటే రాత్రంతా సాగే అసలు ధింసా, నాట్లప్పుడు ఆడవాళ్లు పాడే పాటలు, పెళ్లి పాటలు, ఏడుపు పాటలు మంచి నాణ్యతతో నాకు దొరకలేదు. మన బడిలో పక్క పక్కన కూర్చున్న పిల్లల ఇళ్లలో కువి, ఆదివాసీ ఒడియా, పోర్జా మాటలు ఉండేవి. ఆ పాటలు తెలిసిన అవ్వలకు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లు.

యంత్రం లేని రోజుల్లోనే గిడుగు రామమూర్తి గారు సవర గూడేల మాటను చెవితో విని, 1931లో వ్యాకరణ గ్రంథం, 1938లో నిఘంటువు అచ్చు వేయించారు. మన జేబులో ఆయనకు లేని పరికరాలన్నీ ఉన్నాయి.

ఫోనుతో చేస్తే చాలదా అని అడుగుతారు. ఫోను మాట కోసం తయారైనది. తుడుము దెబ్బ పడగానే అది తనంతట తాను శబ్దం తగ్గించేస్తుంది. వెనకాల ఉన్న కోరస్‌ను గోల అనుకుని చెరిపేస్తుంది. రెండు మైకులున్న చిన్న చేతి రికార్డరు కావాలి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు, కుదించని ఫైలు. ఇది గంటకు ఒక జీబీ కాస్త పైన. ఒక సాధారణ హార్డ్ డిస్కులో వెయ్యి గంటల పాట పడుతుంది. శబ్దం స్థాయి తక్కువలో పెట్టుకోవాలి, డప్పు ఎప్పుడు ఎగురుతుందో తెలియదు. సిమెంటు కమ్యూనిటీ హాల్లో వద్దు, ఆరుబయట లేదా గడ్డి ఇంటి పంచలో చేయాలి. జనరేటరుకు దూరంగా, గూడ్సు బండి వేళ చూసుకుని చేయాలి. పాడినవాళ్ల అనుమతి ముందు తీసుకోవాలి. వాళ్ల పేరు, ఊరు, తేదీ, ఏ భాష, ఏ సందర్భం అన్నది ఫైలుతో పాటు రాసి పెట్టాలి. ఒక ప్రతి పాడిన కుటుంబానికి, ఒక ప్రతి మన బడి లైబ్రరీకి, ఒకటి సంఘం దగ్గర ఉండాలి. డబ్బు చేసుకునే హక్కు ఏదైనా ఉంటే అది పాడినవాళ్లదే అని కాగితం మీద ఉండాలి. లక్క ఇచ్చి పాట ఇవ్వని కథ మళ్లీ తిరగరాయకూడదు.

రికార్డరు, రెండు మైకులు, స్టాండు, డిస్కులు నేను కొని సంఘానికి ఇస్తున్నాను. నా కొత్త ఆంప్లిఫయరు కోసం దాచిన డబ్బుతో ఇవన్నీ వచ్చి ఇంకా మిగిలింది. వాడడం ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులకు, పై తరగతి పిల్లలకు ఒక్క ఆదివారంలో నేర్పగలను. నాకు కావలసినది గూడెంలో తలుపు తట్టి, “అవ్వా, ఆ పాట ఒకసారి పాడవా” అని వాళ్ల భాషలో అడగగలిగే మిత్రులు. మనలో అలాంటివాళ్లు కనీసం పాతికమంది ఉన్నారు. వచ్చే చైత్రంలో ఇటుకల పండగకు మీ ఊళ్లో ఎవరు పాడతారో, ఎవరు మోరి ఊదుతారో కనుక్కుని, నెల ముందుగా సంఘం కార్యదర్శికి చెప్పండి. బరువులు మోసుకుని నేను వస్తాను.